ఓజ్ కథలో వెండి చెప్పులు: బామ్ నిజంగా ఏమైనా దాచాడా?

వేళచ్చేరి అమ్మ:

అందరికీ నమస్కారం. మేం చెన్నైలో ఉంటాం. మా పాప ఎనిమిదో తరగతి. స్కూల్లో 'ద వండర్‌ఫుల్ విజార్డ్ ఆఫ్ ఓజ్' చదివించి, కథలో దాగిన అర్థాలతో చార్టు చేసి తెమ్మన్నారు. క్లాసులో నిలబడి వివరించాలి కూడా. ఇది ఏదో వీడియో చూసి గబగబా రాసేసింది. పసుపు ఇటుకల బాట అంటే బంగారమట, దిష్టిబొమ్మ రైతట, రేకు మనిషి ఫ్యాక్టరీ కూలీ అట, పిరికి సింహం బ్రయాన్ అనే నాయకుడట. పుస్తకం రాసిన బామ్ ఇవన్నీ కావాలనే దాచిపెట్టి రాశాడట.

సినిమాలో డొరొతి (సుడిగాలికి ఓజ్ అనే మాయలోకంలో పడ్డ పిల్ల) చెప్పులు ఎర్రగా ఉంటాయి కదా, మరి వీడియోలో వెండి చెప్పులంటారేమిటి? అయినా చిన్నపిల్లల కథలో ఎవరైనా డబ్బు లెక్కలు దాస్తారా? మా ఆయన్ని అడిగితే "మార్కులొస్తాయిలే, రాయనీ" అని మళ్లీ ఫోన్లో తల దూర్చేశారు. తెలిసినవాళ్లు చెప్పండి, టెన్షన్‌గా ఉంది.

రిటైర్డ్ క్యాషియర్, అశోక్ నగర్:

అమ్మా, చెప్పుల సంగతి తేలిక. పుస్తకంలో ఉన్నవి వెండివే. 1939లో సినిమా తీసినవాళ్లు టెక్నికలర్ అనే రంగుల ఫిల్మ్‌లో మెరవాలని కెంపుల చెప్పులు చేశారు. సినిమా చూసి చార్టు చేస్తే, చెప్పులంటే వెండి డబ్బు అన్న సిద్ధాంతం అక్కడే కూలుతుంది, పాపని పుస్తకమే దగ్గర పెట్టుకోమనండి. ఇంకోటి, సినిమాలో ప్రయాణమంతా కల. పుస్తకంలో ఆ పిల్ల నిజంగానే వెళ్లొస్తుంది, తిరిగొచ్చేటప్పుడు చెప్పులు ఎడారిలో జారిపోతాయి.

డబ్బు సంగతికి వస్తే, ఉద్యోగమంతా నోట్లు లెక్కపెట్టినవాణ్ణి కాబట్టి కాస్త ఎక్కువ చెప్తాను, ఓపిక పట్టండి. 1873లో అమెరికా ప్రభుత్వం జనం తెచ్చిన వెండిని డాలర్లుగా కొట్టివ్వడం మానేసి బంగారం వైపు మొగ్గింది. చలామణీలో డబ్బు బిగిసింది, పంటల ధరలు పడిపోయాయి. రైతు అప్పు కాగితం మీద అంకె మాత్రం తగ్గలేదు. అదే అప్పు తీర్చడానికి అంతకుముందుకంటే ఎక్కువ గోధుమలు అమ్మాలి. అందుకే రైతులు ఉద్యమంగా కదిలి, 16 వంతుల వెండి ఒక వంతు బంగారంతో సమానమన్న లెక్కన వెండి నాణేలూ కొట్టమని పట్టుబట్టారు. 1896లో బ్రయాన్ ఇదే నినాదంతో అధ్యక్ష పదవికి నిలబడి, బంగారం పక్షాన ఉన్న మెకిన్లీ చేతిలో ఓడిపోయాడు. 1900 మార్చిలో డాలరుని బంగారానికే కట్టేసే గోల్డ్ స్టాండర్డ్ చట్టం వచ్చింది, అదే ఏడాది ఈ పుస్తకమూ వచ్చింది. ఆ వెండి దెబ్బ మనకీ తగిలిందండోయ్. రూపాయి అప్పట్లో వెండి నాణెం కదా, 1893లో మన టంకశాలలు కూడా జనం తెచ్చే వెండికి తలుపులు మూసేశాయి. ఇంత రచ్చ నడిచిన రోజుల్లో బంగారు రంగు బాట మీద వెండి చెప్పులేసుకుని ఓ పిల్ల నడుస్తుంటే అనుమానం రావడం సహజమే.

కానీ ఆ అనుమానం ప్రచారంలోకి వచ్చింది ఎప్పుడనుకున్నారు? 1964లో. హెన్రీ లిటిల్‌ఫీల్డ్ అని ఒక హైస్కూల్ మాస్టారు. 1890ల రాజకీయాలు పిల్లల బుర్రకెక్కించడానికి ఓజ్ పాత్రలకు వాటిని ముడిపెట్టి పాఠం చెప్పాడు, తర్వాత దాన్నే వ్యాసంగా రాశాడు. 1990లో రాకాఫ్ అనే ఆర్థికవేత్త ఇంకా లోతుకి లాగాడు. అక్కణ్ణుంచి ఎకనామిక్స్ పుస్తకాల్లోకి పాకింది. చివరికి 1992లో లిటిల్‌ఫీల్డే, బామ్ ఆ రైతు ఉద్యమం మనిషి అనడానికి ఆధారం లేదని న్యూయార్క్ టైమ్స్‌కి ఉత్తరం రాశాడు. బామ్ అయితే 1896లో మెకిన్లీని బలపరుస్తూ పత్రికలో పద్యం అచ్చేయించుకున్నాడు. అంటే వెండి వాళ్లకు ఎదుటి పక్షం! అందుకని "బామ్ దాచాడు" అనొద్దు. "తర్వాతివాళ్లు ఇలా చదివారు" అని రాయమనండి. టీచరు తప్పు పట్టలేరు.

నన్నడిగితే చార్టు నడిమధ్య ఉండాల్సింది ఆకుపచ్చ కళ్లద్దాలు. సినిమాలో అవి లేవు, అందుకే వీడియోల వాళ్లు చాలామంది వాటి జోలికి పోరు. ఓజ్ మాంత్రికుడుండే పచ్చల నగరం గేటు దగ్గర కాపలావాడు ఓ పెద్ద పెట్టె తెరుస్తాడు. నిండా కళ్లద్దాలే, అన్ని సైజులవీ. డొరొతికి పెడతాడు, దిష్టిబొమ్మకి పెడతాడు, ఆఖరికి కుక్కపిల్ల టోటోకీ పెడతాడు. పెట్టి, తల వెనకాల తాళం వేస్తాడు. తాళంచెవి వాడి మెడ గొలుసుకే. అదేమంటే నగరం ధగధగకి కళ్లు పోతాయట. లోపల డొరొతికి పచ్చ గౌను తొడిగి, టోటో మెడకి పచ్చ రిబ్బను కడతారు. ఊరు దాటి అద్దాలు తీశాక చూసుకుంటే గౌను తెల్లటి తెలుపు, రిబ్బనూ తెలుపే. పిల్ల ఆశ్చర్యపోతుంది, అంతే. ఎందుకో బామ్ ఒక్క ముక్క చెప్పకుండా ముందుకెళ్లిపోతాడు. చాలా పేజీలయ్యాక మాంత్రికుడే బయటపెడతాడు, ఈ ఊరు మిగతా ఊళ్లకంటే పచ్చగా ఏమీ లేదు, జనానికి అద్దాలు అలవాటైపోయాయి అని. ఆ మాంత్రికుడూ అమెరికాలోని ఒమాహా నుంచి బెలూన్‌లో కొట్టుకొచ్చిన సర్కస్‌వాడే. ఇందులో దాచిందేముంది? పెట్టె తెరిచి మరీ చూపించాడు.

అడయార్ పక్కవీధి:

క్యాషియర్ గారూ, అంతా చెప్పి మన ఊరి ముచ్చట వదిలేశారేం? 1892లో బామ్, ఆయన భార్య మాడ్ షికాగోలో థియోసాఫికల్ సొసైటీ అనే ఆధ్యాత్మిక సంఘంలో చేరారు. వాళ్లు చేరిన శాఖ పేరు రామాయణ! ఆ సొసైటీ 1875లో న్యూయార్క్‌లో పుట్టినా, 1882 నుంచీ దాని పెద్ద ఆఫీసు మా ఇంటి వెనకాల అడయార్ తోటలోనే. బయటివాళ్లు వచ్చేది ఎక్కువగా మర్రిచెట్టు చూడ్డానికే అనుకోండి.

ఆ వైపు మనుషులు ఈ కథని లోపలి ప్రయాణంగా చదువుతారు. బలవంతంగా అతికించినట్టేం ఉండదు, కథలోనే ఉంది. మెదడు లేదని ఏడ్చే దిష్టిబొమ్మకే దారిపొడుగునా ఉపాయాలు తడతాయి. గుండె లేదనే రేకు మనిషి పొరపాటున పురుగుని తొక్కి ఏడ్చి, ఆ కన్నీళ్లకి దవడ తుప్పు పట్టించుకుంటాడు. పిరికి సింహం ఒక్కొక్కర్నీ వీపు మీద ఎక్కించుకుని అగాధం దూకుతుంది. చివర మాంత్రికుడు ఇచ్చిందేమిటి? తవుడులో సూదులూ గుండుసూదులూ, రంపపు పొట్టు కూరిన పట్టు గుండె, సీసాలో ఏదో తాగే మందు.

బామ్ అత్తగారు మటిల్డా గేజ్‌ని కూడా పాపకి పరిచయం చేయండి. ఆడవాళ్ల ఓటు హక్కు కోసం పోరాడినావిడ, మంత్రగత్తెలన్న నెపంతో ఆడవాళ్లని చంపడం గురించి 1893లో పుస్తకంలో రాసింది. ఓజ్‌లో డొరొతి "మంత్రగత్తెలంతా చెడ్డవాళ్లనుకున్నానే" అంటే, ఎదురుగా ఉన్న మంచి మంత్రగత్తె కాదని సర్దిచెప్తుంది. కథలో నిజమైన శక్తి ఉన్నదంతా ఆడవాళ్ల దగ్గరే, పెద్ద సింహాసనం మీద కూర్చున్న మగాయన ఒట్టి డాంబికం. అత్తగారి ప్రభావం అంటే నేను వెంటనే నమ్ముతాను, బంగారం వెండి కథ కంటే.

పెరంబూరు కుర్రాడు:

శాఖ పేరు రామాయణ అయితే ఓజ్ కథలో వచ్చే రెక్కల కోతులు మన వానర సేనేనా?

రిటైర్డ్ క్యాషియర్, అశోక్ నగర్:

బాబూ, అంత తొందరొద్దు. వానరులు రాముడి మీద ప్రేమతో వచ్చినవాళ్లు. ఈ కోతులు బంగారు టోపీ ఎవరి చేతికి వస్తే వాళ్ల మాట మూడుసార్లు వినాలి, మంచో చెడో అడగడానికి లేదు. మొదట దుష్ట మంత్రగత్తె పనులు చేశాయి, తర్వాత డొరొతివీ చేశాయి. పాపకి పనికొచ్చేది ఆ తేడానే.

పక్కవీధి అమ్మాయ్, అత్తగారి మాట మాత్రం ఒప్పుకుంటున్నాను.

వేళచ్చేరి అమ్మ:

అందరికీ చాలా థ్యాంక్స్. పాపకి చదివి వినిపించాను. వీడియో కాగితం చించేయలేదు గానీ, పైన "1964లో ఒక మాస్టారు చెప్పినది" అని రాసుకుంది. కళ్లద్దాల సీను మాత్రం రాత్రి వాళ్ల నాన్నకి నటించి చూపించింది, కాపలావాడిలా. స్కూలు వాళ్లిచ్చిన ఫారంలో "గుర్తు", "అర్థం" అని రెండే గడులున్నాయి. ఒక గుర్తుకి ఇద్దరు ముగ్గురు చెప్పినవి ఎలా పట్టించాలి?

అడయార్ పక్కవీధి:

అర్థం గడిని అడ్డంగా గీతలు కొట్టి ముక్కలు చేయమనండి. ఏ ముక్కకా ముక్క ఎవరన్నారో పేరు రాయాలి. బామ్‌కి కూడా ఒక ముక్క ఉంచండి, పిల్లల సంతోషం కోసమే రాశానని ముందుమాటలో అన్నాడు కదా. కళ్లద్దాలకి ఆకుపచ్చ జిలటిన్ కాగితం మన చెన్నై పారీస్ కార్నర్ బజార్లో చవగ్గా దొరుకుతుంది, శనివారమే వెళ్లండి. ఆదివారం అక్కడ చాలా షాపులు తీయరు.