ఫాస్ఫినిక్ ఆమ్లాల ఎస్టరీకరణ: ఘనత మైక్రోవేవ్‌దా, ఉష్ణోగ్రతదా?

భాస్వరం:
"మామూలు వేడికి లొంగని చర్య మైక్రోవేవ్‌లో జరిగింది" అన్న మాట ఆర్గానోఫాస్ఫరస్ (భాస్వరం ఉన్న సేంద్రియ పదార్థాల) రసాయన వ్యాసాల్లో తరచుగా కనిపిస్తోంది. నాకు దానితోనే పేచీ. అలాంటి పదార్థమైన ఫాస్ఫినిక్ ఆమ్లాన్ని ఎస్టర్‌గా (ఆమ్లం, ఆల్కహాల్ కలిసి ఏర్పడే పదార్థంగా) మార్చడానికి బ్యుటనాల్ అనే ఆల్కహాల్‌లో ఎంతసేపు రిఫ్లక్స్ చేసినా, అంటే ఆవిరిని చల్లార్చి తిరిగి పాత్రలోకి పంపుతూ మరిగించినా, వేడి దాదాపు 118 డిగ్రీల దగ్గరే ఆగుతుంది. మైక్రోవేవ్‌లోనేమో అదే మిశ్రమాన్ని బిగించిన పాత్రలో 200 డిగ్రీలకు తీసుకెళతారు. అక్కడ పోలుస్తున్నది రెండు ఉష్ణోగ్రతలను! పది డిగ్రీలకు వేగం రెట్టింపవుతుందన్న మోటు లెక్కనే తీసుకోండి. ఎనభై డిగ్రీల తేడాకు 256 రెట్లు, అంటే ఎనిమిది గంటల పని రెండు నిమిషాల్లో ముగుస్తుంది. మైక్రోవేవ్ యంత్రాలు వాడే 2.45 గిగాహెర్ట్జ్ తరంగాల ఫోటాన్ల శక్తి మోలుకు ఒక జౌలు మాత్రమే. బంధం తెగాలంటే లక్షల జౌళ్లు కావాలి.

తరంగిణి:
భాస్వరం గారూ, తరంగం నేరుగా బంధాన్ని తెంచుతుందని ఇక్కడ ఎవరూ అనడం లేదు. మిశ్రమంలో అక్కడక్కడా సగటును మించి వేడెక్కే చోట్లు ఏర్పడతాయన్నది బుడాపెస్ట్‌లోని కెగ్లెవిచ్ బృందం వాదన. వేగం ఉష్ణోగ్రతతో ఘాతీయంగా పెరుగుతుంది కనుక ఆ కొద్ది భాగమే చాలా పని చేసిపెడుతుంది. పైగా పాత పద్ధతిని గుర్తు చేసుకోండి. ఆమ్లాన్ని థయోనిల్ క్లోరైడ్‌తో ఫాస్ఫినిక్ క్లోరైడ్‌గా మార్చాలి, వెలువడే సల్ఫర్ డయాక్సైడ్‌ను, హైడ్రోజన్ క్లోరైడ్‌ను పట్టాలి, తర్వాత ఆల్కహాల్, అమీన్ (వెలువడే ఆమ్లాన్ని పట్టే క్షారం) కలిపి, చివర అమీన్ లవణాన్ని వడగట్టాలి. నేరుగా ఎస్టరీకరిస్తే పక్కన వచ్చేది నీరు ఒక్కటే. ఈ దారి చూపిన పరికరాన్ని తీసిపారేయడం న్యాయం కాదు.

భాస్వరం:
దారి మంచిదే, కాదనను. కానీ ఆ వేడి చోట్లను కొలిచి చూపాలి కదా. చాలా యంత్రాల్లో పరారుణ సెన్సర్ గాజు పాత్ర బయటి గోడను చూస్తుంది. మైక్రోవేవ్‌లో లోపలి ద్రవం గోడకన్నా వేడిగా ఉండవచ్చు. అయానిక్ ద్రవం (అయాన్లతోనే ఏర్పడి, మైక్రోవేవ్‌ను బాగా పీల్చుకునే ద్రవ లవణం) కలిపితే ఆ తేడా ఇంకా పెరుగుతుంది. తెరమీద 180 అని ఉంటే లోపల అంతే ఉందని నమ్మడానికి లేదు. లోపల ఫైబర్ ఆప్టిక్ ప్రోబ్ పెట్టి, గట్టిగా కలుపుతూ కొలవాలి. ఆస్ట్రియాలోని గ్రాట్స్‌లో రసాయన శాస్త్రవేత్త కాపే బృందం 2009లో సిలికాన్ కార్బైడ్ పాత్రలు వాడింది. ఆ పాత్ర గోడ తరంగాలను తానే పీల్చుకుని లోపలికి వేడిని మాత్రమే పంపుతుంది. అయినా ఫలితాలు గాజు పాత్రలో వచ్చినట్లే వచ్చాయి.

వడపోత:
హిరావో చర్యను (పల్లాడియం ఉత్ప్రేరకంతో కార్బన్–భాస్వరం బంధాన్ని ఏర్పరచే చర్య) కూడా చూడండి. పల్లాడియం అసిటేట్ ఉంటే చాలు, విడిగా ఫాస్ఫీన్ లిగాండ్ (లోహానికి అతుక్కుని దాని పనికి తోడ్పడే అణువు) అక్కర్లేదని మైక్రోవేవ్ ప్రయోగాల్లోనే తేలింది. కారణం మాత్రం రసాయనికం. చర్యలో పాల్గొనే భాస్వరం పదార్థమైన సెకండరీ ఫాస్ఫీన్ ఆక్సైడ్‌ను కాస్త ఎక్కువగా వేస్తే, అది త్రిసంయోజక (భాస్వరానికి మూడు బంధాలే ఉన్న) రూపంలోకి మారి తానే లిగాండ్‌గా పనిచేస్తుంది. ఇంత చక్కని పరిశీలనను "మైక్రోవేవ్ మహిమ" ఖాతాలో వేస్తే రసాయన శాస్త్రానికే నష్టం.

తరంగిణి:
వడపోత గారి మాట ఒప్పుకుంటాను. సిలికాన్ కార్బైడ్ విషయంలో మాత్రం తొందర వద్దు. అన్నీ కరిగి ఉన్న ద్రావణంలో తేడా రాలేదని, ద్రావకమే లేని కబాచ్నిక్–ఫీల్డ్స్ చర్య (అమీన్, ఆల్డిహైడ్ లేదా కీటోన్, భాస్వరం పదార్థం మూడూ కలిసే చర్య) మిశ్రమంలోనూ రాదని ఎలా తేలుస్తాం? ఘన పదార్థం, ద్రవం కలిసి ఉన్న చోట గాజు, సిలికాన్ కార్బైడ్ పాత్రలు రెండింటిలోనూ చేసి చూడాలి.

భాస్వరం:
చేయాల్సిందే. దాని పక్కనే ఆయిల్ బాత్‌లో అదే ఉష్ణోగ్రతకు, అంతే సేపు వేడిచేసిన మూసిన పాత్ర కూడా ఉండాలి. 2.45 గిగాహెర్ట్జ్ తరంగాలు ఇలాంటి ద్రవాల్లోకి కొద్ది సెంటీమీటర్లే చొచ్చుకుపోతాయి. ఉష్ణోగ్రతే అసలు కారణమని తేలితే, కిలోల లెక్కన చేయాలనుకునేవారు మామూలు ఆటోక్లేవ్‌తోనే (పీడనాన్ని తట్టుకునే మూసిన లోహ పాత్రతోనే) క్లోరైడ్ పద్ధతిని వదిలించుకోవచ్చు.