జింక్ బియ్యానికి కిలోకి పది రూపాయలు ఎక్కువ పెట్టి కొంటారా?

మిర్యాలగూడ రైతక్క:
అందరికీ నమస్కారం. మాది మిర్యాలగూడ దగ్గర పల్లె. ఈ వానాకాలం రెండెకరాల్లో డీఆర్‌ఆర్ ధాన్ 48 వేశాం. రాజేంద్రనగర్‌లోని వరి పరిశోధన సంస్థ నుంచి 2018లో వచ్చిన రకం. మామూలు తెల్ల బియ్యంలో కిలోకి 12 నుంచి 16 మిల్లీగ్రాముల జింక్ ఉంటే, ఇందులో పాలిష్ పట్టాక కూడా 24 దాకా ఉంటుంది. పైనుంచి కలిపింది కాదు, గింజలోనే పండింది.

మిల్లుకు శాంపిల్ పట్టుకెళ్తే సేటు గుప్పిట్లో పోసుకుని నలిపి చూశాడు. గింజ సన్నమా లావా, తేమ ఎంత, నూక ఎంత పోతుంది, ఇంతే. జింక్ మాట చెప్తే "అది కంటికి కనపడదు కదమ్మా" అన్నాడు. ఆయన్ని అనుకుని లాభం లేదు. రెండెకరాల వడ్లు విడిగా పట్టలేడు, మామూలు బీపీటీ సన్నాల్లో కలిసిపోతాయి. సర్కారు కేంద్రంలో సన్నాలకు క్వింటాకు 500 బోనస్ ఉంది గానీ పోషకానికి పైసా లేదు.

అందుకే సగం వడ్లు మేమే పట్టించి హైదరాబాద్‌లో నేరుగా ఇళ్లకు అమ్ముదామనుకుంటున్నాం. చిన్న మిల్లులో విడిగా ఆడించడం, సంచులు, ఆటో కలుపుకుంటే మామూలు సన్నబియ్యం కన్నా కిలోకి పది రూపాయలు ఎక్కువ పెట్టక తప్పదు. అడిగిన వాళ్లంతా తీసుకుంటామనే అంటున్నారు. డబ్బులు తీసేటప్పుడూ అదే మాట మీద ఉంటారా? ఇంకో సంగతి కూడా మనసులో తిరుగుతోంది. ఈ జింక్ ఎక్కువ అవసరం మా ఊరి అంగన్‌వాడీ పిల్లలకి. వాళ్ల ఇళ్లలో పది రూపాయలు ఎక్కువ పెట్టి బియ్యం కొనే స్తోమత లేదు.

తణుకు కిరాణా:
అమ్మా, నాన్నగారి కాలం నుంచి బియ్యం కొట్టు నడుపుతున్నాం. కొనేవాళ్లు అడిగేవి రెండే: పాతవా, కొత్తవా? అన్నం పొడిపొడిగా వస్తుందా? మీరు ఇప్పుడే కోసి పట్టించి పంపితే అన్నం ముద్దవుతుంది, రెండోసారి ఎవరూ అడగరు. కొన్ని నెలలు వడ్లుగానే నిలవ ఉంచండి. ఆ తర్వాతే జింక్ మాట.

రేషన్‌లో ఫోర్టిఫైడ్ బియ్యం మొదలైనప్పుడు మా వీధిలో ఏమైందో చెప్తాను. బియ్యప్పిండిలో ఐరన్, ఫోలిక్ యాసిడ్, బీ12 కలిపి మళ్లీ గింజలాగా చేసి, వందకి ఒకటి చొప్పున మామూలు బియ్యంలో కలిపేవారు. కడిగేటప్పుడు ఆ గింజలు కొన్ని పైకి తేలేవి. ప్లాస్టిక్ బియ్యమని ఆడవాళ్లు చేటలో పోసి ఒక్కొక్కటే ఏరి పారేశారు. అదనంగా ఒక్క రూపాయి తీసుకోకుండా ఇచ్చిన దాన్నే! అందుకని "ఏమీ కలపలేదు, పంటలోనే ఉంది" అన్న మాట సంచి మీద పెద్ద అక్షరాలతో వేయించండి.

తెలంగాణ సోనా బియ్యం సంగతి వేరు. షుగర్ బియ్యమని పేరు పెట్టి మరీ అడుగుతారు, రేటు గురించి పెద్దగా బేరమాడరు. షుగర్ అంటే భయం ఉంది, మిషన్‌లో అంకె కనపడుతుంది. జింక్ తక్కువైందని ఎవరికీ తెలియదు కదా.

కూకట్‌పల్లి అమ్మ:
అక్కా, నాకు జింక్ అంటే తెలుసు. మా చిన్నోడికి విరేచనాలైనప్పుడు డాక్టర్ ఓఆర్‌ఎస్‌తో పాటు 14 రోజులు జింక్ వేయమన్నారు. మాలాంటి వాళ్లకి ఆ మాటతో చెప్తే వెంటనే ఎక్కుతుంది.

కానీ మాకు నెలకు 25 కిలోల బస్తా పడుతుంది. మీ లెక్కన 250 ఎక్కువ. ఆ డబ్బుతో పిల్లలకి ముప్పై దాకా గుడ్లు వస్తాయి, నేను ముందు ఆ లెక్కే వేసుకుంటాను. అయినా రెండు కిలోల సంచి ఇస్తే తప్పకుండా వండి చూస్తాను. మొదటిసారే బస్తా అంటే మాత్రం తీసుకోను. ల్యాబ్ రిపోర్ట్ కాగితం ఉంటే వాట్సాప్‌లో పెట్టండి.

అగ్రి ఎకనామిక్స్ విద్యార్థి:
రైతక్క గారూ, నోటితో చెప్పే ధర ఎప్పుడూ ఎక్కువే ఉంటుంది. అందుకే మా సబ్జెక్టులో నిజం డబ్బుతో పరీక్ష పెడతారు. మనిషి కిలోకి ఎంత ఇస్తాడో చెప్తాడు, తర్వాత డబ్బాలోంచి ధర రాసిన చీటీ ఒకటి తీస్తారు. చీటీ ధర అతను చెప్పినదానికి లోపు ఉంటే చీటీ ధరకే కొనాలి, మించితే సరుకు లేదు. తక్కువ చెప్తే సరుకు పోవచ్చు, ఎక్కువ చెప్తే నచ్చని ధరకు కొనాల్సి రావచ్చు. కాబట్టి మనసులో ఉన్న ధరే చెప్తాడు. మహారాష్ట్ర పల్లెల్లో ఐరన్ ఎక్కువున్న సజ్జల మీద ఇలా డబ్బు పెట్టించే చూశారు. పోషకం గురించి వివరించాక జనం ఎక్కువ ధర ఇచ్చారు. మీరూ ఒక అపార్ట్‌మెంట్‌లో ఈ చీటీల పద్ధతి పెట్టి చూడండి.

గుడ్లతో పోలిక న్యాయమైనదే. రోజుకు 300 గ్రాముల బియ్యం తినే మనిషికి మీ రకంతో దాదాపు మూడు మిల్లీగ్రాముల జింక్ అదనంగా అందుతుంది. ఆడవాళ్లకు రోజుకు కావాల్సింది 13.2. మూడంటే చిన్న సంగతి కాదు, కానీ రోగం తగ్గుతుందని మాత్రం సంచి మీద రాయకండి.

అంగన్‌వాడీ పిల్లల విషయంలో నాది గట్టి అభిప్రాయం. వాళ్ల తల్లిదండ్రులు ఎంత పెట్టగలరు అన్న ప్రశ్నే అక్కడ పనికిరాదు. అయోడిన్ లేని ఉప్పు తినడానికి అమ్మకూడదని 2006లో దేశమంతా నిషేధం పెట్టారు. ఎక్కువిచ్చి కొంటారా అని ఇంటింటికీ అడగలేదు, అందుకే పేదింటికీ చేరింది. తెలంగాణలో 2025 ఉగాది నుంచి రేషన్‌లో సన్నబియ్యమే ఇస్తున్నారు. ఎలాగూ సన్నాలే కొంటున్నప్పుడు జింక్ రకాలకి ఆ బోనస్ మీద ఇంకో వంద వేసి, విడిగా పట్టించి అంగన్‌వాడీలకి పంపొచ్చు. మీరు చెప్పిన ఆ కలిసిపోయే సమస్యే అసలు అడ్డు.

మిర్యాలగూడ రైతక్క:
అందరికీ దండాలు. పట్టించడం ఆపేశాం, వడ్లు గదిలో నిలవ పెడుతున్నాం. రెండు కిలోల సంచులే చేయిస్తాను. చెల్లీ, నీకు మొదటి సంచి పంపిస్తాను, అన్నం ఎలా వచ్చిందో ఉన్నదున్నట్టు చెప్పు. తమ్ముడూ, విడిగా కొనే సంగతి మీద మా కలెక్టర్ గారికి ప్రజావాణిలో అర్జీ ఇస్తా, నువ్వు చెప్పిన లెక్కలు ఒక పేజీలో రాసి పంపుతావా? పాలిష్ పట్టిన బియ్యంలో జింక్ ఎంతుందో పరీక్ష చేసే ల్యాబ్ హైదరాబాద్‌లో ఎక్కడుందో, ఒక శాంపిల్‌కి ఎంత తీసుకుంటారో తెలిసినవాళ్లు చెప్పండి. అర్జీకీ ఆ కాగితం కావాలి.