'సల్మి'కి తెలుగు మాట ఏది? సవొన్లిన్న కోట ప్రస్తావనగా

ప్రశ్న:
ఫిన్లాండ్ ఆగ్నేయ భాగంలో, సైమా సరస్సు మీద ఉన్న సవొన్లిన్న అనే చిన్న పట్టణం గురించి వ్యాసం రాస్తున్నాను. అక్కడి ఒలవిన్‌లిన్న కోట 'క్యురొన్‌సల్మి' మధ్యలో ఒక రాతి దీవి మీద ఉంది. రెండు జలభాగాలను కలిపే ఇరుకైన నీటిదారిని ఫిన్నిష్‌లో 'సల్మి' అంటారు. జలసంధి అని రాస్తే చదువరికి వెంటనే పాక్ జలసంధి తోస్తుందేమోనని సందేహం. 'గండి' అనవచ్చునా? 'పాయ' మేలా? పెద్దలు చెప్పగలరు.

జవాబు:
గండి కుదరదండీ. చెరువుకట్ట తెగితే గండి పడిందంటాం. ఎర్రమల కొండలను పెన్న కోసుకుని సాగిన చోట వెలసింది కనుకనే అది గండికోట అయింది. రెండు చోట్లా అడ్డును నీరు ఛేదించిందన్న భావమే ప్రధానం. ఇక ఒకే ప్రవాహం చీలితే వచ్చేది పాయ, గౌతమీ వసిష్ఠల వలె. క్యురొన్‌సల్మి స్వభావం దీనికి తిరగబడినది: వాయవ్యాన ఉన్న హౌకివెసి, ఆగ్నేయాన ఉన్న పిహ్లయవెసి అనే రెండు విశాల జలాలు అక్కడ కలుస్తాయి. 'వెసి' అంటే నీరు. ఈ రెండూ సముద్రమట్టానికి సుమారు 76 మీటర్ల ఎత్తున పరచుకున్న మహా సైమాలోని భాగాలే; ఆ నీరంతా చివరకు వువొక్సి నది గుండా లడోగా సరస్సుకు చేరుతుంది. కాబట్టి నా ఓటు జలసంధికే. ఆ మాటలో సంధి ఉంది కానీ కొలత లేదు. పాక్ జలసంధి పెద్దదైనంత మాత్రాన చిన్నదానికి ఆ పేరు చెల్లకుండా పోదు.

పైగా ఆ పట్టణ చరిత్ర అంతా ఆ సంధి మీదనే నిలిచింది. అడవులూ సరస్సులూ అల్లుకుపోయిన ఆ సీమలో వేసవిలో పడవలు, చలికాలంలో మంచు మీద జారుబండ్లు నడిచే నీటి మార్గాలే అసలైన రహదారులు గనుక, ఈ ఇరుకును పట్టుకున్నవాడికి రాకపోకల మీద అదుపు చిక్కేది. ఈ సంగతి ఎరిగే, తూర్పు నుంచి వచ్చే రష్యన్ సేనలను నిలువరించడానికి, స్వీడన్ పక్షాన ఎరిక్ ఆక్సెల్‌సన్ టోట్ 1475లో ఇక్కడ కోట కట్టడం మొదలుపెట్టాడు. ప్రవాహం జోరుగా ఉండటం వల్ల కోట చుట్టూ నీరు చలికాలంలో కూడా గడ్డకట్టదు. సరస్సంతా నడవదగిన నేలగా మారిపోయే ఆ దేశంలో ఇంతకు మించిన అగడ్త మరొకటి ఉండదు. అందుకే మీ వ్యాసంలో ఒక్కచోటైనా దీన్ని 'జలదుర్గం' అనండి. మన నీతిశాస్త్రాలు గిరిదుర్గం, వనదుర్గం, స్థలదుర్గాల సరసన చెప్పిన జలదుర్గ లక్షణం దీనికి అక్షరాలా సరిపోతుంది.

పట్టణం మాత్రం వయసులో కోటకంటే చాలా చిన్నది. స్వీడన్ తరఫున ఫిన్లాండుకు గవర్నర్ జనరల్‌గా ఉన్న పేర్ బ్రాహె దాన్ని 1639లో స్థాపించాడు. స్వీడన్, రష్యాల మధ్య కుదిరిన 1743 నాటి ఒడంబడికతో కోటా పట్టణమూ రష్యా పాలయ్యాయి, 1812లో తిరిగి మిగిలిన ఫిన్లాండుతో కలిశాయి. అప్పటికి ఫిన్లాండంతా రష్యా చక్రవర్తి ఏలుబడిలోనే ఉన్నందున కోటకు కాపలా కాయవలసిన సరిహద్దు లేకుండా పోయింది. 1912లో ఐనొ అక్తే అనే గాయని ఆ కోట ప్రాంగణంలో ఒపేరా ఉత్సవం జరిపించింది. 1967 నుంచి అది ఏటేటా సాగే ఉత్సవమైంది.

మరొక సభ్యుని వ్యాఖ్య:
స్వీడిష్‌లో ఈ ఊరిని 'న్యూస్లొట్' అంటారు, అంటే కొత్తకోట. మనకు వనపర్తి జిల్లాలో కొత్తకోట ఉండనే ఉంది కదా, వ్యాసంలో ఆ పేరే వాడితే తెలుగుదనం రాదా?

జవాబు:
పోలిక ముచ్చటగానే ఉంది, కానీ ఊరి పేరును అనువదించి వాడితే చదువరి దాన్ని పటంలో వెతుక్కోలేడు. న్యూస్లొట్ అర్థాన్ని ఒక వాక్యంలో చెప్పి వదిలేయండి. ఫిన్నిష్ పేరులో 'సవొ' సీమ పేరు, 'న్' షష్ఠీ ప్రత్యయం, 'లిన్న' అంటే కోట. వెరసి సవొ సీమ కోట. వర్ణక్రమంలో మాత్రం జాగ్రత్త వహించండి: ఆ పేరులో అచ్చులన్నీ హ్రస్వాలే, నకారానికి ద్విత్వం ఉంది. కాబట్టి ఇంగ్లీషు ఉచ్చారణను అనుసరించి 'సావోన్లినా' అని రాయకుండా 'సవొన్లిన్న' అనే రాయాలి. హ్రస్వమైన ఒకారం మన లిపిలో ఉన్నప్పుడు దాన్ని వాడుకోకపోవడానికి కారణం లేదు.