అమ్మాయి ఎమ్మెస్ డబ్బు: గ్లోబల్ గ్రోత్ ఫండ్‌లో పెట్టాలా, ఇక్కడే నిఫ్టీలో పెట్టాలా?

హనుమకొండ_అమ్మ | 6 డిసెంబరు 2025, రాత్రి 9:15

అందరికీ నమస్కారం. మా పెద్దది ఎనిమిదో తరగతి. ఇంజినీరింగ్ అయ్యాక అమెరికాలో ఎమ్మెస్ చేయించాలని మా ఆలోచన. అంటే ఇంకా తొమ్మిదేళ్లు ఉంది. నెలకు 15,000 పక్కన పెట్టగలం. మా ఆడపడుచు వాళ్లాయన, అన్నయ్యగారు, విదేశీ షేర్లలో పెట్టే ఒక గ్లోబల్ గ్రోత్ ఈక్విటీ ఫండ్ కాగితం పంపించారు. మూడేళ్ల రిటర్న్ చూస్తే కళ్లు తిరిగాయి. మా వారు మాత్రం మన దేశంలోని 50 పెద్ద కంపెనీల నిఫ్టీ ఇండెక్స్ ఫండ్ చాలంటారు. రెండు వారాలుగా ఇంట్లో ఇదే పంచాయితీ. మొత్తం 15,000 ఆ గ్లోబల్ ఫండ్‌లో పెట్టడం తెలివైన పనేనా?

డాలరు_లెక్క | రాత్రి 9:48

పెట్టండి మేడమ్. రిటర్న్ సంగతి తర్వాత, ముందు ఖర్చు ఏ కరెన్సీలో ఉందో చూడండి. ఇవాళ 40 లక్షలయ్యే చదువు అనుకుందాం. మొన్ననే డాలరు 90 దాటింది కాబట్టి అది సుమారు 44,000 డాలర్లు. 2011 మొదట్లో డాలరు 45 రూపాయలే. పదిహేనేళ్లు తిరక్కుండానే రెట్టింపయింది. ఏడాదికి 4 శాతం చొప్పున పెరిగినా తొమ్మిదేళ్లకు 128 అవుతుంది. ఫీజు ఒక్క డాలరు పెంచకపోయినా మీ 40 లక్షలు 57 లక్షలవుతాయి. ఖర్చు డాలర్లలో ఉన్నప్పుడు పొదుపు కూడా డాలరుతో కలిసి నడిచేదై ఉండాలి. అన్నయ్యగారు చెప్పింది సబబే.

పూత_కాపు | రాత్రి 10:20

డాలరు లెక్క ఒప్పుకుంటాను. కానీ ఆ మూడేళ్ల రిటర్న్ చూసి మాత్రం మోసపోకండి. ఇవాళ్టి నుంచి మూడేళ్లు వెనక్కి వెళ్తే ఎక్కడికి చేరతాం? 2022 డిసెంబరు. గ్రోత్ షేర్లు గోతిలో పడి ఉన్న నెల అది. ఆ ఒక్క ఏడాదిలో మెటా 64 శాతం, టెస్లా 65 శాతం, ఎన్విడియా సగం పడ్డాయి. ఇలాంటి కంపెనీలే ఎక్కువగా ఉండే అమెరికా సూచీ నాస్‌డాక్ 100 మొత్తంగా మూడో వంతు పోయింది. గోతిలో నుంచి కొలిస్తే ఏ గట్టయినా కొండలాగే కనిపిస్తుంది. 2021 చివరి నుంచి కొలిచి చూపించమనండి అన్నయ్యగారిని.

గ్రోత్ అంటే ఏమిటో కూడా చెప్తాను. మాది నూజివీడు వైపు, ఇంట్లో మామిడి తోటలున్నాయి. మా దగ్గర వ్యాపారి తోటను పూత మీదే కొంటాడు. కాయ చూడకుండా, రాబోయే కాపుకి ఇవాళే ధర కడతాడు. గ్రోత్ ఫండ్ చేసేదీ అదే. ఇప్పుడొచ్చే లాభం కన్నా ఎనిమిది, పదేళ్ల తర్వాత వస్తుందనుకునే లాభానికి ధర ఇస్తుంది. నూటికి రూపాయి వడ్డీకి అప్పు దొరికినప్పుడు వ్యాపారి పూతకి ఎక్కువ ఇస్తాడు. వడ్డీ రెండు రూపాయలైతే అదే తోటకు ధర తగ్గిస్తాడు. పూత రాలకపోయినా సరే. 2022లో జరిగిందిదే. అమెరికా ఫెడరల్ రిజర్వ్ వడ్డీని సున్నా దగ్గర నుంచి ఏడాదిలో నాలుగు శాతం పైకి తీసుకెళ్లింది.

డాలరు_లెక్క | రాత్రి 10:31

పడింది నిజమే. 2023లో అదే నాస్‌డాక్ 100 యాభై శాతం పైగా లేచింది కూడా. సిప్, అంటే నెలనెలా వాయిదా కట్టేవాళ్లకు ధర పడటం మంచిదే కదన్నా, చవగ్గా యూనిట్లొస్తాయి.

సిప్_ఆగిపోయినవాడు | రాత్రి 11:05

ఆ మాట నాతో అనకండి సార్! విదేశీ షేర్లలో మన మ్యూచువల్ ఫండ్లన్నీ కలిపి 700 కోట్ల డాలర్లకు మించి పెట్టకూడదని రిజర్వ్ బ్యాంకు పరిమితి ఉంది. అది నిండబోతోందని 2022 ఫిబ్రవరి 2 నుంచి కొత్త డబ్బు తీసుకోవద్దని మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ చెప్పింది. నా సిప్ ఆగిపోయింది. సరిగ్గా ధరలు పడుతున్న నెలలవి! జూన్‌లో కొంత వెసులుబాటు ఇచ్చారు, అదీ అప్పటికే ఉన్న హద్దు లోపల. నేను పైన ఉన్నప్పుడు కొన్నాను, కింద ఉన్నప్పుడు కొననివ్వలేదు.

అంతటితో ఆగానా, లేదు. ఫండ్ మూస్తే ఏం, ఎక్స్చేంజ్‌లో షేరులా కొనే ఫండ్, ఈటీఎఫ్, ఉంది కదా అని తర్వాత అది కొన్నాను. కొత్త యూనిట్లు పుట్టే దారి లేనప్పుడు ఉన్నవాటికే గిరాకీ ఎక్కువై, లోపలున్న షేర్ల విలువ కన్నా పైధర పలుకుతుంది. బ్లాకులో టికెట్ కొన్నట్టే. నేను పది శాతం ఎక్కువిచ్చి కొన్నానని ఆర్నెల్ల తర్వాత తెలిసింది. కొనేముందు ఎన్‌ఏవీ (యూనిట్ లోపలి అసలు విలువ), మార్కెట్ ధర పక్కపక్కన పెట్టి చూడండమ్మా.

ప్లాటే_బంగారం | రాత్రి 11:12

ఇంత టెన్షన్ దేనికండీ? ధర్మసాగర్ రోడ్డులో ఒక ప్లాటు పడేయండి.

హనుమకొండ_అమ్మ | 7 డిసెంబరు, ఉదయం 6:50

నెలకు 15,000కి ప్లాటెవరిస్తారండీ 🙂 అమ్మాలంటే మళ్లీ ఎన్నాళ్లు తిరగాలో. ప్లాటు సంగతి వదిలేద్దాం.

పూత కాపు గారూ, మీ ఉదాహరణ మా వారికి చదివి వినిపించాను. ఆయన మొహం వెలిగిపోయింది. కానీ ఒక అనుమానం. "గ్లోబల్" అన్నారు కదా, ఒక దేశం పడినా ఇంకో దేశం నిలబెట్టదా?

పూత_కాపు | ఉదయం 7:30

పేరుకే గ్లోబల్ అండి. మీ కాగితంలో మొదటి పది కంపెనీలు చూడండి, ఎన్ని అమెరికావో లెక్కపెట్టండి. ధనిక దేశాల షేర్లన్నీ కలిపే ఎంఎస్‌సీఐ వరల్డ్ సూచీలోనే అమెరికా వాటా 70 శాతం దాకా ఉంది. గ్రోత్ అనేసరికి బరువు ఇంకా టెక్నాలజీ వైపే మొగ్గుతుంది.

ఇంకో సంగతి. నాస్‌డాక్ ఎక్స్చేంజ్ షేర్లన్నిటి సూచీ, నాస్‌డాక్ కాంపోజిట్, 2000 మార్చిలో 5,048 దగ్గర ఉండేది, 2002 అక్టోబరుకి 1,114కి వచ్చింది. మళ్లీ పాత మెట్టు ఎక్కింది 2015లో! 2000లో మొత్తం సొమ్ము పెట్టి కూర్చున్న తండ్రి, కూతురి చదువు తొమ్మిదేళ్లలో వస్తే ఏం చేసేవాడు? ఆ కాలంలోనే, 1999 చివర 1,480 దగ్గరున్న మన నిఫ్టీ 2009 చివరికి 5,201. మూడున్నర రెట్లు. రూపాయి కూడా ఎప్పుడూ పడుతూనే ఉండదు. 2002లో 49 దాకా వెళ్లిన డాలరు 2008 జనవరికి 39కి దిగింది.

డాలరు_లెక్క | ఉదయం 8:02

మీరు మీకు నచ్చిన పదేళ్లు ఏరుకున్నారు. నేనూ ఏరుకుంటాను. 2011 మొదట్లో నాస్‌డాక్ 100 సుమారు 2,200, ఇప్పుడు 25,000 అటూఇటూ. పదకొండు రెట్లు, అదీ డాలర్లలో. రూపాయల్లో దానికి రెట్టింపు. నిఫ్టీ 6,000 నుంచి 26,000. నాలుగు రెట్లు పైన. ఏం చెప్తారు?

పూత_కాపు | ఉదయం 8:10

ఏం చెప్పను, ఇద్దరం ఏరుకున్నవే. అందుకే ఒక బుట్టలో అన్నీ వద్దంటున్నాను. ఆ పదకొండు రెట్లు చూసినవాడు ఇవాళ పూతకి ఏ ధర ఇస్తున్నాడో కూడా అడగాలి కదా.

బెజవాడ_ఆడిటర్ | ఉదయం 10:25

పన్ను సంగతి ఎవరూ ఎత్తలేదు కాబట్టి చెప్తున్నాను. నిఫ్టీ ఫండ్ ఏడాది దాటాక అమ్మితే లాభం మీద 12.5 శాతం, అందులో ఏడాదికి 1.25 లక్షల లాభం వరకు పన్ను లేదు. విదేశీ ఫండ్‌లో డబ్బు పెట్టే ఇక్కడి ఫీడర్ ఫండ్‌కి రెండేళ్లు దాటాలి, అప్పుడు 12.5 శాతం. ఆ 1.25 లక్షల వెసులుబాటు దీనికి లేదు. రెండేళ్ల లోపు అమ్మితే మీ ఆదాయపు పన్ను శ్లాబు ప్రకారం. సిప్‌లో ప్రతి వాయిదాకీ దాని తేదీ నుంచే లెక్క, గుర్తుంచుకోండి.

ఖర్చు కూడా రెండు చోట్ల పోతుంది. ఇక్కడి ఫండ్ కొంత తీసుకుంటుంది, అక్కడి అసలు ఫండ్ కొంత. ఏజెంటు కమిషన్ లేని డైరెక్ట్ ప్లాన్ అయినా రెండోది తప్పదు.

నేరుగా అమెరికా షేర్లు కొంటే ఈ బాధ ఉండదని కొందరంటారు. అది వేరే తలనొప్పి. ఏటా ఇన్‌కమ్ ట్యాక్స్ రిటర్నులో విదేశీ ఆస్తుల షెడ్యూల్ నింపాలి. మనిషి పోతే, అక్కడి ఆస్తి 60,000 డాలర్లు దాటితే అమెరికా ఎస్టేట్ ట్యాక్స్ వస్తుంది. ఇక్కడి మ్యూచువల్ ఫండ్ యూనిట్లకు ఈ రెండూ లేవు.

టెక్సాస్_తెనాలి | 7 డిసెంబరు, రాత్రి 8:40

అక్కా, ఒక ముఖ్యమైన మాట. ఏ ఫండ్ అయినా సరే, పాప పేరు మీద కొనకండి. మీ పేరు మీదే కొనండి.

అమెరికా పన్ను చట్టం దృష్టిలో ఇండియా మ్యూచువల్ ఫండ్లు పీఎఫ్ఐసీ కిందకొస్తాయి, అంటే వాళ్లకు గిట్టని రకం విదేశీ పెట్టుబడి. స్టూడెంట్ వీసాలో మామూలుగా మొదటి ఐదు క్యాలెండర్ సంవత్సరాలు ఈ గొడవ ఉండదు. తర్వాత ఉద్యోగంలో చేరి పన్ను లెక్కకు రెసిడెంట్ అయితే ఫండుకొక ఫారం 8621 నింపాలి, పన్ను రేటు కూడా దారుణంగా ఉండొచ్చు. మా నాన్న ప్రేమతో నా పేరు మీద కొన్న మూడు ఫండ్ల పేపర్లు నింపడానికి నేనిచ్చిన ఫీజు, వాటి మీద వచ్చిన లాభం, ఇంచుమించు సరిపోయాయి. నాన్నకు ఇప్పటికీ చెప్పలేదు.

పాప ఇక్కడికే వస్తుందని అంత గట్టిగా అనుకోకండి కూడా. ఈ సెప్టెంబరులో కొత్త హెచ్1బీ దరఖాస్తుకి లక్ష డాలర్ల ఫీజన్నారు. తొమ్మిదేళ్లలో ఏమవుతుందో ఎవరు చెప్పగలరు? జర్మనీ వెళ్తే చాలా ప్రభుత్వ యూనివర్సిటీల్లో ట్యూషన్ ఫీజే ఉండదు. అప్పుడు కావాల్సింది యూరోలు.

హనుమకొండ_అమ్మ | రాత్రి 9:30

తమ్ముడూ, పేరు సంగతి చెప్పి మంచి పని చేశావు. అన్నయ్యగారు పాప పేరు మీదే ఫారం నింపి ఉంచారు.

అసలు పాపనే అడుగుదామని అన్నం దగ్గర అడిగాను. లా చదువుతానంటోంది! శామీర్‌పేటలో నల్సార్ ఉందట, ఎవరో సీనియర్ అక్క చెప్పిందట. మా వారు నవ్వాపుకోలేక లేచి వెళ్లిపోయారు. ఎనిమిదో తరగతి మాట, రేపు మారొచ్చు.

కాబట్టి ఇలా అనుకున్నాం. 10,000 నిఫ్టీ ఇండెక్స్ ఫండ్‌లో, 5,000 గ్లోబల్‌లో. రెండూ నా పేరు మీదే. గ్లోబల్ ఫండ్ వాళ్లు కొత్త డబ్బు తీసుకోవడం మధ్యలో ఆపేస్తే ఆ 5,000 కూడా నిఫ్టీకే పోతుంది, ఈటీఎఫ్ పైధరకు కొనను. ఇంజినీరింగైనా, లా అయినా, ఆఖరి రెండు మూడేళ్లలో పాత వాయిదాల నుంచి మొదలుపెట్టి నెలనెలా తీసి ఎఫ్‌డీలో వేస్తాం.

డాలరు_లెక్క | రాత్రి 9:41

5,000తో డాలరు ప్రమాదంలో మూడో వంతే కవరవుతుంది మేడమ్. కనీసం సగం సగం చేయండి.

పూత_కాపు | రాత్రి 9:44

పాప లా చదివితే కవర్ చేయాల్సిన డాలరే లేదు కదా సార్!

డాలరు_లెక్క | రాత్రి 9:52

లా అయ్యాక ఎల్ఎల్ఎంకి హార్వర్డ్ అంటే?

ప్లాటే_బంగారం | రాత్రి 9:58

శామీర్‌పేటలో అయితే నా దగ్గర ఒక ప్లాటు ఉంది.