38 అంగుళాల ఖాళీలో లోపలి గది గుమ్మం: సైజు, జోడింపు, బిగింపు

కొత్తగది: హాలును రెండు చేస్తూ ఒంటి ఇటుక అడ్డుగోడ (నాలుగున్నర అంగుళాలు) కట్టించాం. గుమ్మానికి వదిలిన ఖాళీ 38 అంగుళాల వెడల్పు, టైల్స్ పైనుంచి లింటెల్ అడుగు దాకా 82. ప్లాస్టరింగ్ ఇంకా కాలేదు. టైల్స్ పాతవే, తీయం. తలుపు 78×32 ఫ్లష్ డోర్, మందం 32 మి.మీ. గుమ్మం మేమే చేసుకోవాలనుకుంటున్నాం. చెక్క ఏ సైజు కొనాలి, గోడకి క్లాంపులతో (గోడలో పాతే ఇనప పట్టీలు) పట్టించాలా, స్క్రూలతోనా?

ఉలిసుత్తి: లోపలి గదికి 4×2½ చాలు, 5×3 సింహద్వారానికి ఉంచండి. లెక్క తలుపు నుంచి బయటికి రావాలి. తలుపు గాడి (తలుపు కూర్చునేలా చెక్క అంచున తీసే మెట్టు) లోతు అర అంగుళం. గాడి నుంచి గాడికి 32¼, అంటే తలుపుకి రెండు పక్కలా ఒక్కో నూలు (అంగుళంలో ఎనిమిదో వంతు) సందు. గాడి పోగా నిలువు చెక్కలో 2 అంగుళాలు మిగులుతుంది కాబట్టి గుమ్మం బయటి కొలత 36¼. మీ ఖాళీలో పక్కకి ముప్పావుకి కాస్త ఎక్కువే మిగులుతుంది, సరిపోతుంది.

ఎత్తు: తలుపు 78, పైన నూలు, కింద మూడు నూళ్లు, పై చెక్క 2. మొత్తం 80½. గాడి వెడల్పు 36 మి.మీ. తీయండి. తలుపుకి రెండు వైపులా మైకా అంటిస్తే మందం 34 అవుతుందన్న సంగతి చాలామంది గాడి తీశాకే గుర్తు చేసుకుంటారు.

7 అడుగులవి రెండు, మూడున్నర అడుగులది ఒకటి కొనండి. 17½ అడుగులకి సుమారు 1.2 ఘనపుటడుగులు. టేకే కావాలని లేదు, బాగా ఆరిన వేప, సాల్ చాలు. చేవ ఉన్న ముక్క చూసుకోండి, తెల్లచెక్క త్వరగా పుచ్చుతుంది. కొనేముందు ఒక కొస నుంచి కన్ను పెట్టి రెండో కొస దాకా చూడండి. పచ్చి చెక్క చిత్రిక పట్టినప్పుడు నిక్కచ్చిగానే ఉంటుంది, బిగించిన రెండు నెలలకి విల్లులా వంగుతుంది.

గుమ్మంపని: జోడింపు గురించి. నిలువు చెక్క కొసన కుసి (బెజ్జంలోకి దిగే నాలుక), పై చెక్కలో బెజ్జం. కుసి మందం నాలుగు అంగుళాల్లో మూడో వంతు, అంటే అంగుళంపావు. వెడల్పు మాత్రం మొత్తం పెట్టకండి. బెజ్జానికి బయటివైపు కనీసం ముప్పావు అంగుళం చెక్క మిగలాలి, లేకపోతే కుసి దిగ్గొట్టగానే పై చెక్క కొస నెర్రె విచ్చుతుంది. ఖాళీ 38 ఉంది కాబట్టి పై చెక్కని 37½ పొడుగు ఉంచి, అటూ ఇటూ ఐదేసి నూళ్లు బయటికి వదిలితే ఇంకా నయం.

కొత్తవాళ్లు తప్పేది కుసి భుజం (కుసి మొదట్లో పై చెక్కకి ఆనే మెట్టు) దగ్గర. పై చెక్కలో కూడా అర అంగుళం గాడి తీశారు కదా, అందుకే నిలువు చెక్కకి గాడి ఉన్న వైపు భుజం రెండో వైపుకన్నా అర అంగుళం పొడుగుండాలి. రెండూ సమానంగా కోస్తే గాడి మూలలో అర అంగుళం బొక్క కనిపిస్తుంది, అక్కడ లప్పం నిలవదు.

బిగించాక కింద 31¼ అంగుళాల బద్ద అడ్డంగా కొట్టండి. మూల నుంచి మూలకి రెండు కొలతలూ ఒకటయ్యేదాకా సర్ది, ఒక ఏటవాలు బద్ద కూడా వేయండి. గోడలో పట్టి, తడి ఆరేదాకా ఆ బద్దలు తీయకూడదు.

మేస్త్రీమాట: క్లాంపులు గోడ లేస్తున్నప్పుడే పెడితే బాగుంటాయి. కట్టేసిన ఒంటి ఇటుక గోడలో వాటికోసం గుంట తవ్వితే అవతలి దాకా పగులుతుంది. ఇక్కడ నైలాన్ ప్లగ్గుతో వచ్చే 10×135 మి.మీ. స్క్రూలు వాడండి, నిలువుకి మూడు: పైనుంచి 8 అంగుళాల దగ్గర, మధ్యలో, కిందినుంచి 10 అంగుళాల దగ్గర. గాడిలో నుంచి వేస్తే తలుపు మూసినప్పుడు తలలు కనబడవు. తల అర అంగుళం లోపలికి దిగాలి. రంధ్రం ఇటుక నడుమ పడాలి, ఇటుకల మధ్య సిమెంటు సందులో కాదు. డ్రిల్లుని సుత్తి మోడ్‌లో పెట్టకండి, అంచు ఇటుక కదిలిపోతుంది.

ప్రతి స్క్రూ దగ్గరా చెక్కకీ గోడకీ మధ్య ఎదురెదురుగా రెండు వాలు చెక్క చీలికలు బిగుతుగా దోపి ఆ తర్వాతే తిప్పండి. వెనక బోలుగా ఉంటే స్క్రూ నిలువు చెక్కని గోడవైపు లాగేస్తుంది. తలుపు మధ్యలో సందు పెరిగి, పైనా కిందా రాసుకునేది ఇందుకే.

తూకపు గుండు (దారానికి వేలాడే బరువు) కట్టి రెండు నిలువుల్నీ రెండేసి ముఖాల వైపూ చూడండి. ఒకటి కాస్త ముందుకి, ఒకటి వెనక్కి వాలితే మూలమట్టం ఎంత సరిగా ఉన్నా తలుపు గడియ వైపు ఒక కొసే ఆనుతుంది, రెండో కొస ఎడంగా నిలబడుతుంది.

తలుపు వచ్చే వైపు గుమ్మం ఇటుక ముఖం మీదకి అర అంగుళం ముందుకి రావాలి. అది ప్లాస్టర్‌తో సమానమవుతుంది.

కొత్తగది: మిగిలిన సందులో ఫోమ్ కొడితే చాలంటున్నారు. టైల్ మీద చెక్క నేరుగా నిలబెట్టవచ్చా?

మేస్త్రీమాట: ఫోమ్ ఉబ్బేటప్పుడు నిలువుల్ని లోపలికి నెడుతుంది, బరువూ మోయదు. 1:4 సిమెంటు మాలు కూరండి. అంతకుముందే గోడకి ఆనే ముఖాలకి బిటుమెన్ పెయింట్ రెండు కోట్లు, మిగతా ముఖాలకి వుడ్ ప్రైమర్ ఒక కోటు వేసుకోండి, లేకపోతే సిమెంటు మరక చెక్కలోకి దిగుతుంది.

నేరుగా మాత్రం నిలబెట్టకండి. తడిగుడ్డ పెట్టినప్పుడల్లా కొస నీళ్లు పీలుస్తుంది. కొసకి ప్రైమర్ రెండుసార్లు పట్టించి, 3 మి.మీ. ఎడం ఉంచి సిలికాన్ నింపండి.

ఉలిసుత్తి: చెక్కా ప్లాస్టరూ కలిసేచోట గీత పగలడం మామూలే. తలుపు వైపు అంగుళంన్నర బీడింగ్ కొట్టి కప్పేయండి, కాకపోతే ప్లాస్టర్ తడిగా ఉన్నప్పుడే 10 మి.మీ. గాడి గీయించండి. బీడింగ్ మేకులు చెక్కలోకే దిగాలి, ప్లాస్టర్‌లోకి కాదు.