చెరువు అడుగున చేపలకు దాపు ఎలా ఏర్పాటు చేయాలి?

టెక్కలి దగ్గర మా పొలంలోని చిన్న చెరువులో బొచ్చె, శీలావతి పిల్లలను వదిలాము. అడుగంతా పళ్లెంలా చదునుగా ఉండి, ఎక్కడా దాపు లేకపోవడంతో నీటికాకులు మునిగి పిల్లలను సులువుగా పట్టుకుపోతున్నాయి. దగ్గరలోని తేలినీలాపురం ఊరికి వలస వచ్చే, చేపలు తినే పెలికాన్ పక్షుల సంగతి చెప్పనక్కరలేదు. ఆరడుగుల నీరు నిలిచే తూర్పు మూలన ఎండు తుమ్మకొమ్మలను కట్టలు కట్టి, రాళ్ల బరువుతో దించాలని ఉద్దేశం. పచ్చి ఆకులు కుళ్లితే నీటిలో ప్రాణవాయువు తగ్గుతుంది కనుక వాటిని వాడను. అయితే కొమ్మలకు చిక్కి వల చిరుగుతుందని వల లాగేవారు ఒప్పుకోవడం లేదు, వారి మాటా కాదనలేనిదే. బదులుగా పాత సిమెంటు తూములను గానీ, వెదురు గడలను గానీ వాడినవారు, పట్టుబడి నాడు సులువుగా పైకి తీయగలిగేలా వాటిని ఎలా అమర్చారో, చెరువులో ఎంత భాగానికి పరిమితం చేశారో దయచేసి వివరించగలరు.