తూచేదా, చూచేదా: మూడో చేతి పని గురించి ఒక సందేహం

పలకబలపం:
చిన్న తరగతుల పిల్లలకు ప్రభుత్వంలోని మూడు శాఖల గురించి చెప్పవలసి వచ్చి, చిన్నప్పుడు మా చేత వల్లె వేయించిన వరుసలను గుర్తు చేసుకుంటున్నాను. "చట్టం చేసేదొక చేయి, చట్టం నడిపేదొక చేయి" అన్నంతవరకు సందేహం లేదు. మూడో వరుస "చట్టం తూచేదొక చేయి" అనా, "చట్టం చూచేదొక చేయి" అనా అన్నది రెండు రోజులుగా తేలడం లేదు. పైకి చదివితే రెండూ నోటికి అలవాటైనట్టే ఉన్నాయి. నాలుగో వరుస పూర్తిగా మరిచిపోయాను. న్యాయశాఖ చేసే పనిని పిల్లలు ఆ ఒక్క క్రియ ద్వారానే మనసుకు పట్టించుకుంటారు కాబట్టి, తప్పు క్రియ నేర్పకూడదన్నదే నా తాపత్రయం. తెలిసినవారు చెప్పగలరు.

గణయతి:
మాత్రలు లెక్కపెట్టాను. "చట్టం" 4, "చేసేదొక" 6, "చేయి" 3, మొత్తం 13. "నడిపేదొక" కూడా 6 మాత్రలే. "తూచేదొక", "చూచేదొక" రెండూ అంతే కాబట్టి లెక్క మనకు ఉపకరించదు. అయితే వరుస మొదట 'చ' ఉంది, మొదటి వరుసలో దానికి 'చే' బదులు పలుకుతోంది. మూడో వరుసలోనూ 'చూ' ఉంటేనే ఆ పలుకుబడి నిలుస్తుంది. నా మొగ్గు "చూచేదొక" వైపే.

మూలధాతువు:
గణయతి గారూ, యతికి హల్లు కుదిరితే చాలదు, అచ్చు కూడా కుదరాలి. 'చ'లోని అకారానికి ఏకారంతో గాని ఊకారంతో గాని మైత్రి లేదు. రెండో వరుసలోని 'నడిపే' అసలే కలవదు. యతిని ఉద్దేశించని వరుసలకు యతిని సాక్ష్యం పెట్టలేము.

నన్నడిగితే ఆధారం 'తూ', 'చూ'లలో లేదు, వాటి తరువాతి 'చే'లో ఉంది. "చేసేది" అన్నది వాడుక రూపం. ఆ రూపం రాసిన చెయ్యి "చూసేది" అని రాస్తుంది గాని "చూచేది" అని రాయదు. తూచు ధాతువు మాత్రం నేటి రాతలోనూ "తూచేది"గానే నిలిచి ఉంది. పలకబలపం గారి చెవిలో 'చే' అంత గట్టిగా నిలిచిందంటే, ఆ మాట "తూచేది" అయి ఉండాలి.

పాతచదువరి:
"చేసే"నూ "చూచే"నూ ఒకే పేరాలో రాసిన పెద్దలు ఒక తరం నిండా ఉన్నారు. శిష్ట వ్యావహారికానికి అది సహజమే కాబట్టి రూపాన్ని బట్టి తేల్చడం కష్టం. అర్థాన్ని పట్టుకుందాం. చేతికి చూపు లేదు, తూకం చేతి పని. న్యాయానికి గుర్తుగా నిలిపే బొమ్మ చేతిలో త్రాసు ఉంటుంది, కళ్ళకు గంతలు ఉంటాయి. ఎదుట నిలిచినవాడు ధనికుడా పేదవాడా అని చూడకుండా, వాదంలోని బరువునే తూచాలని కదా ఆ గంతలు! చూడకూడదని గంతలు కట్టినవారి పనిని "చూచేది" అని పిల్లలకు ఎలా చెబుతాం?

నుడికారం:
చూచు అన్న క్రియను కంటికే కట్టిపెట్టడం దాని విస్తృతికి అన్యాయం. రుచి చూడటం నాలుక పని, నాడి చూడటం వేలికొసల పని, సంచి బరువెంతో ఎత్తి చూడటం అచ్చంగా చేతి పనే. చేసి చూడటం, అడిగి చూడటం, వేసి చూడటం అన్నప్పుడు ఆ క్రియకు పరీక్షించడమనే అర్థం వస్తుంది. "చట్టం చూచేదొక చేయి" అంటే చట్టాన్ని పరీక్షకు పెట్టే చేయి.

నాకు ఇది చిన్న తేడాగా కనబడటం లేదు. తూచేవాడు తన ముందుకు వచ్చిన రెండు వాదాలను తూస్తాడు, తూకపు రాయిని మాత్రం ప్రశ్నించడు. న్యాయస్థానం ఆ రాయిని కూడా పరీక్షిస్తుంది. చట్టసభ చేసిన చట్టమైనా రాజ్యాంగానికి విరుద్ధమైతే చెల్లదని అమెరికా సుప్రీంకోర్టు 1803లో మార్బరీ వ్యాజ్యంలో చెప్పింది. రాజ్యాంగాన్ని సవరించేటప్పుడు కూడా దాని మౌలిక స్వరూపాన్ని చెరపకూడదని భారత సుప్రీంకోర్టు 1973లో కేశవానంద భారతి కేసులో, 13 మంది న్యాయమూర్తుల ధర్మాసనంతో చెప్పింది. తగవు తీర్చే పని ఒకటి, ఆ తగవుకు ఆధారమైన నియమం సరైనదేనా అని పరీక్షించే పని మరొకటి. "తూచే" అంటే పిల్లలకు మొదటిదే తెలుస్తుంది.

మూలధాతువు:
నుడికారం గారు చూచు క్రియలోని ఒక అర్థాన్ని చెప్పి మరొకదాన్ని వదిలేశారు. "ఆ పనులు ఆయన చూస్తాడు" అంటే నిర్వహిస్తాడని అర్థం. అది రెండో చేతి పని, అంటే కార్యనిర్వాహక శాఖది. "చట్టం చూచే చేయి" అంటే చట్టం అమలు చూసుకునే చేయి అని పిల్లవాడు అనుకుంటే తప్పు వాడిది కాదు. శాఖలను వేరుచేసి చెప్పడానికి కట్టిన వరుసల్లో, రెండు శాఖలకూ అతికే క్రియను ఏ కవీ వాడడు.

పలకబలపం:
ఈ చర్చ చదువుతుంటే మా తరగతిలో జరిగినది చెప్పాలనిపిస్తోంది. పిల్లలను మూడు బృందాలు చేశాను. ఒక బృందం ఆటకు నియమాలు రాస్తుంది, రెండోది వాటి ప్రకారం ఆట నడిపిస్తుంది, మూడోది తగవు వస్తే తీర్పు చెబుతుంది. మొదటి రోజు అందరమూ కూర్చొని "ఆటలో అందరికీ చోటు ఉంటుంది" అని ఒక పెద్ద కాగితం మీద రాసి గోడకు అంటించాం. నియమం నచ్చకపోతే నడిపించే బృందం దానిని ఒకసారి తిప్పి పంపవచ్చని, రాసే బృందంలో మూడింట రెండు వంతుల మంది మళ్ళీ అదే కావాలంటే నడిపించక తప్పదని కూడా ఒప్పుకున్నాం.

మూడో రోజున రాసే బృందం "గీత దాటి పరుగెత్తలేనివారు ఆడకూడదు" అని రాసింది. నడిపించే బృందం తిప్పి పంపింది, వాళ్ళు పట్టుబట్టి మళ్ళీ పంపారు. అప్పుడు కాలికి కట్టు ఉన్న ఒక పాప మూడో బృందం దగ్గరకు వెళ్ళింది. వాళ్ళలో ఒక పిల్లవాడు కొత్త నియమం ఉన్న చీటీని తీసుకెళ్ళి గోడ మీది కాగితం పక్కన ఆనించి పట్టుకున్నాడు. ఒక్కొక్క మాట మీద వేలు పెట్టి రెండూ చదివి, "ఇది దానితో కలవడం లేదు టీచర్" అన్నాడు. ఆ చీటీ అక్కడితో చెల్లకుండా పోయింది. వాడు చేసినది తూచడమా, చూడటమా? నాకు రెండూ అనిపించాయి.

ఇంకొక పిల్ల అడిగిన ప్రశ్న కూడా ఇక్కడికే వస్తుంది. "అధికార విభజన అన్నారు కదా, పంచేసుకున్నాక ఒకరి పని ఇంకొకరు ఆపడం ఏమిటి?" అన్నది. అవి వాటాలు వేసుకుని ఎవరి గదిలో వారు తలుపు మూసుకునే పంపకాలు కావని, పొత్తు సేద్యం లాంటివని చెప్పాను. పొత్తులో పని ఎవరిది వారిదే అయినా పక్కవాడు దారి తప్పితే అడిగే హక్కు ఉంటుంది.

పాతచదువరి:
ఆ పిల్ల అడిగిన ప్రశ్న నన్ను నేరుగా నన్నయ సభాపర్వంలోకి తీసుకువెళ్ళింది. ద్రౌపది సభను అడిగింది శుద్ధమైన న్యాయప్రశ్న. తన్ను తాను ఓడినవాడికి నన్ను ఒడ్డే అధికారం ఉన్నదా అన్నది. ఆ సభలో జూదానికి అనుమతి ఇచ్చిన రాజు ఉన్నాడు, జూదం నడిపించినవారు ఉన్నారు, తీర్పు చెప్పవలసిన పెద్దలు ఆ రాజు నీడలోనే ఉన్నారు. మూడు చేతులూ ఒకే భుజానికి ఉన్నచోట ఆ ప్రశ్నకు జవాబు రాలేదు. ధర్మం సూక్ష్మమని భీష్ముడంతటివాడు తప్పుకున్నాడు. వికర్ణుడొక్కడు నోరు విప్పితే అతణ్ణి కసిరి కూర్చోబెట్టారు. తీర్పు చెప్పే అధికారం మిగిలిన రెండింటి నుండి వేరుపడకపోతే స్వేచ్ఛ ఉండదని ఫ్రెంచి తత్త్వవేత్త మాంటెస్క్యూ 1748లో వాదించాడు, ఆ సభను చదివిన తెలుగువారికి అది వేరే చెప్పనక్కరలేదు. మూడో చేయి తూస్తుందో చూస్తుందో తరువాతి సంగతి. ముందు అది వేరే భుజానిదై ఉండాలి.

మూలధాతువు:
నన్నయ ప్రస్తావన వచ్చింది కాబట్టి ఒక మాట. ఆయన బిరుదు వాగనుశాసనుడు. ఆ శాసనానికి మూలమైన శాస్ ధాతువుకు ఆజ్ఞాపించడం, బోధించడం, దండించడం అనే అర్థాలన్నీ ఉన్నాయి. శాస్త్రం, శిష్యుడు, శాసనం అన్నీ అక్కడివే. రాజు రాగిరేకు మీద వేయించినదీ శాసనమే, నేటి సభ చేసేదీ శాసనమే. ఆజ్ఞ, దండన ఒక్కరి చేతిలో ఉన్న కాలపు మాటను మూడు ముక్కల్లో ఒక ముక్కకే పేరుగా పెట్టుకున్నాం. మూడో ముక్కకు మాత్రం తీర్పు అన్న అచ్చతెలుగు మాట దక్కింది. తగవు తీరేలా చేసేది తీర్పు. అందుకే నేను "చట్టం తీర్చేదొక చేయి" అన్న పాఠం ఉండే అవకాశాన్ని కూడా కాదనలేను.

గణయతి:
"తీర్చేదొక"లోనూ 6 మాత్రలే ఉన్నాయి. అయితే చట్టాన్ని తీర్చడం అన్న ప్రయోగం నేను ఎక్కడా చదవలేదు, తగవునే తీరుస్తారు.

పలకబలపం:
నాలుగో వరుస మొదటి మాట ఈ ఉదయం గుర్తుకు వచ్చింది. అది "పట్టుకుంటే". ఏ చేయి ఏ చేతిని పట్టుకుంటుందో మాత్రం ఇంకా గుర్తుకు రాలేదు.

నుడికారం:
"చట్టం"తో "పట్టు"కు ప్రాస కుదిరింది కాబట్టి ఆ మాట మీకు సరిగ్గానే గుర్తున్నట్టుంది. దాని తరువాతి క్రియ "ఆపేది"యా, "ఆనేది"యా, ఒకసారి నిదానంగా పైకి చదివి చూస్తారా?